క్రిస్మస్ చెట్టు: సరుగుడు కొమ్మా, కుండీ మొక్కా, ప్లాస్టిక్ చెట్టా?

కేకు డబ్బాల మీద, గ్రీటింగ్ కార్డుల మీద కనిపించే క్రిస్మస్ చెట్టు మన నేలలో పెరగదు. అది ఫర్ చెట్టు, లేదా స్ప్రూస్. వాటికి మంచు పడే చలికాలం కావాలి. మే నెలలో 44 డిగ్రీలు కాసే గుంటూరులోనో ఖమ్మంలోనో అవి బతకవు. అందుకే నిజం చెట్టు మంచిదా, ప్లాస్టిక్ చెట్టు మంచిదా అన్న ప్రశ్నకి అమెరికాలోనో బ్రిటన్‌లోనో చెప్పే జవాబు మనకి ఉన్నదున్నట్టు పనికిరాదు. మన దగ్గర నిజం చెట్టు అంటే ముఖ్యంగా రెండు: కోస్తాలో సరుగుడు కొమ్మ, నర్సరీల్లో కుండీలో దొరికే అరొకేరియా. వీటికి పోటీ బజార్లో అట్టపెట్టెలో దొరికే ప్లాస్టిక్ చెట్టు.

చాలామంది డిసెంబరులో ఎలా కనిపిస్తుందో చూసి చెట్టు కొంటారు. నేనైతే ముందు జనవరి గురించి అడుగుతాను. పండగ అయ్యాక ఆ చెట్టు ఎక్కడికి పోతుంది? మళ్లీ వచ్చే నవంబరు దాకా ఎక్కడ ఉంటుంది, ఎవరు చూసుకుంటారు? ఈ ప్రశ్నకి మీ ఇంట్లో నిజాయితీగా వచ్చే జవాబే సగం ఎంపిక చేసేస్తుంది.

మిగతా సగం, ఎన్ని రోజులు నిలబెట్టాలన్నది. కొందరు డిసెంబరు 1న స్టార్ కట్టిన రోజే చెట్టూ పెడతారు. సెమీ క్రిస్మస్‌లు, కేరల్స్, క్రిస్మస్, 31 రాత్రి ఆరాధన అన్నీ దాటి సంక్రాంతి సెలవుల దాకా అది హాల్లోనే ఉంటుంది. ఇంకొందరు 22, 23 తేదీల్లో పెట్టి కొత్త సంవత్సరం రాగానే తీసేస్తారు. ఆరు వారాలకీ పది రోజులకీ ఒకే చెట్టు సరిపోదు.

సరుగుడు కొమ్మ

కోస్తాలో ఇసుక నేలలున్న చోటల్లా సరుగుడు తోటలు కనిపిస్తాయి. కొన్నిచోట్ల సర్వి అంటారు. 1860ల్లో కార్వార్ దగ్గర రైలింజన్లకి కట్టెల కోసం నాటిన ఈ చెట్టు ఇవాళ మన రైతులకి కాగితం మిల్లులకి అమ్ముకునే పంట. పందిళ్లకీ పరంజాలకీ వాడే గుంజలూ ఇవే.

దీన్ని మొదటి స్థానంలో పెట్టడానికి నాకున్న కారణం, చెట్టు ఎలాగూ నరుకుతారు. నాలుగైదేళ్లకి తోట కోతకొచ్చినప్పుడు రైతుకి డబ్బు తెచ్చేది మాను. పైనున్న తల, పక్క కొమ్మలు కట్టెల మోపులో కలిసిపోతాయి. ఆ తలే మీ ఇంట్లో క్రిస్మస్ చెట్టవుతుంది. మీకోసమని ప్రత్యేకంగా ఒక చెట్టు పోదు, ఎక్కడినుంచో ఓడ మీద సరుకు రాదు, వాడాక మిగిలేది మట్టిలో కలుస్తుంది. తోట కోత ఎప్పుడో నవంబరులోనే రైతునో కోత మేస్త్రినో అడిగి పెట్టుకోండి. "బాబాయ్, చర్చికి ఒక తల, ఇంటికి ఒక తల ఉంచండి" అంటే కాదనేవాళ్లు తక్కువ.

ఒక్కటి మాత్రం చేయకండి. తుపాను గాలికీ ఇసుక మేటలకీ అడ్డంగా సముద్రం ఒడ్డున అటవీ శాఖ పెంచిన సరుగుడు వనాల్లోంచి కొమ్మ కొట్టుకు రావద్దు. అది చట్టం ఒప్పుకోని పని. తుపాను వచ్చిన రోజు మన ఊరిని కాచేది ఆ వరసే.

సరుగుడు పైన్ చెట్టులా కనిపిస్తుంది గానీ ఆ జాతి కాదు, పూలు పూసే చెట్టే. సూదుల్లా వేలాడేవి ఆకులు కావు, సన్నటి రెమ్మలు. ఒక రెమ్మని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా లాగండి, కణుపు దగ్గర పుటుక్కున ఊడి వస్తుంది. ఆ కణుపు చుట్టూ పొలుసుల్లా, కనీ కనిపించనట్టుండేవే అసలు ఆకులు. ఈ కట్టుబడి వల్లే ఎండిన సరుగుడు కణుపు కణుపుగా విడిపోయి, ఇల్లంతా చిన్న చిన్న పుల్లలుగా రాలుతుంది. కొత్తగా తెచ్చిన కొమ్మని చూసేటప్పుడు కూడా ఇదే పరీక్ష. రెమ్మ సాగినట్టు వంగి, లాగితేనే ఊడితే తాజాది. వంచగానే పొడిగా విరిగితే కొట్టి చాలా రోజులైనట్టు.

నిలబెట్టే పద్ధతి తెలిస్తే ఇంకో నాలుగు రోజులు ఎక్కువ ఉంటుంది. కొమ్మ ఇంటికి రాగానే బయటే నేలకేసి నాలుగుసార్లు దులపండి, చీమలూ సాలీళ్లూ పోతాయి. మొదలు దగ్గర అంగుళం మేర కొత్తగా కోసి, ఆలస్యం చేయకుండా నీళ్లలో పెట్టండి. 20 లీటర్ల పాత పెయింటు బకెట్టు ఇందుకు సరిగ్గా సరిపోతుంది. అడుగున రెండు ఇటుక ముక్కలు, మధ్యలో కొమ్మ, చుట్టూ ఇసుక కూరి, ఇసుక పైదాకా తడిసేలా నీళ్లు పోయండి. రోజూ పొద్దున్నే ఒక చెంబు నీళ్లు. బకెట్టు చుట్టూ రంగు కాగితమో పాత ఎర్ర దుప్పటో చుడితే సరి. ఒక్క కొమ్మ పలచగా అనిపిస్తే రెండు మూడు కలిపి పురికొసతో కట్టండి. అలా కట్టినవాటి నిండుతనం చూస్తే బజారు చెట్టు అక్కర్లేదనిపిస్తుంది.

బరువైన గాజు గుండ్లు, లోహపు గంటలు దీనికి వద్దు. రెమ్మలు కిందికి జారే రకం కాబట్టి బరువు పెడితే వంగిపోతాయి. సండే స్కూల్ పిల్లలు చేసే కాగితం నక్షత్రాలు, చిన్న ఎల్‌ఈడీ తీగ, పైన ఒక తేలికైన స్టార్ చాలు. మన వైపు మంచు కోసమని దూది పరిచే అలవాటుంది. ఎండుతున్న సరుగుడు మీద దూది, దాని పక్కన కొవ్వొత్తి చూస్తే నాకు గుండె ఆగినంత పని అవుతుంది. మంట అంటుకుంటే ఆర్పే వ్యవధి కూడా ఉండదు. దూది మానేయండి, కొవ్వొత్తిని ఆ గది దాకా రానివ్వకండి.

ఎంత చేసినా దీని ఆయుష్షు వారం, పది రోజులు. డిసెంబరు 22న పెడితే కొత్త సంవత్సరం ఆరాధనకి ఇంకా పచ్చగా ఉంటుంది. 1న పెడితే క్రిస్మస్ నాటికి గోధుమ రంగు. సెమీ క్రిస్మస్ మొదటి వారంలో పెట్టుకున్న చర్చిలో దీన్ని వాడాలంటే పండగకి ముందు ఇంకో కొమ్మ తేవాల్సిందే. ఎండిన కొమ్మని మాత్రం వదిలించుకోవడం తేలిక. భోగి మంటకి కట్టెలు వెతుక్కునే పక్కింటి పిల్లలు సంతోషంగా ఎత్తుకుపోతారు. ఇచ్చేముందు మెరుపు కాగితాలు, తీగ ముక్కలు, థర్మోకోల్ ఒక్కటి లేకుండా ఏరేయాలి.

తీరానికి దూరంగా ఉన్నవాళ్లకి ఈ భాగ్యం తక్కువ. హైదరాబాదుకో నిజామాబాదుకో బాపట్ల నుంచి బస్సు మీద వేయించుకుంటే సగం జీవం దారిలోనే పోతుంది. అక్కడివాళ్లు మిగతా రెండింటి గురించే ఆలోచించాలి.

కుండీలో అరొకేరియా

నర్సరీకి వెళ్లి క్రిస్మస్ ట్రీ కావాలంటే చూపించేది ఇదే. కడియం, కడియపులంక నర్సరీల నుంచి రెండు రాష్ట్రాలకీ వెళ్తుంది. కొన్నిచోట్ల తూజా మొక్కనీ అదే పేరుతో అంటగడతారు. తూజా గట్టి మొక్కే, కానీ దాని కొమ్మలకి ఏమీ వేలాడదీయలేం. అంతస్తులు అంతస్తులుగా, చక్రంలో ఆకుల్లా చుట్టూ సమంగా కొమ్మలు విచ్చుకున్నదే అరొకేరియా. దీని సొంత ఊళ్లు పసిఫిక్ సముద్రంలోని నార్ఫోక్ దీవి, న్యూ కాలెడోనియా. అక్కడ ఇది 150 అడుగులు దాటుతుంది. ఈ సంగతి ఎందుకు గుర్తుంచుకోవాలో తర్వాత చెబుతాను.

కొనేటప్పుడు మొక్క ముందు నిలబడి చూడటం కాదు, చుట్టూ తిరిగి చూడాలి. ముఖ్యంగా కింది అంతస్తు. అరొకేరియాలో ఎండిపోయిన కొమ్మ స్థానంలో మళ్లీ కొమ్మ రాదు. కింద రెండు వరసలు పోయాయంటే ఆ మొక్క జీవితాంతం అలా బోసిగానే ఉంటుంది. తల చిగురు కూడా చూడండి. అది విరిగితే మొక్క మళ్లీ ఆ అందమైన గోపురం ఆకారంలోకి రాదు. మొదలు దగ్గర ఒకే కాండం ఉందో, నిండుగా కనిపించడానికి రెండు మూడు మొక్కలు గుచ్చారో చూసుకోండి. గుచ్చినవైతే ఏడాదిలో ఒకదాన్నొకటి తొక్కేసుకుంటాయి. "అన్నా, ఇది షేడ్ నెట్ కింద పెరిగిందా, ఎండలోనా?" అని అడగడం మర్చిపోవద్దు. నెట్ కింద పెరిగినదాన్ని తెచ్చి మర్నాడే డాబా మీద ఎండలో పెడితే మాడిపోతుంది.

ఇంట్లో దీనికి కావాల్సింది వెలుతురు. కిటికీ పక్కన పెట్టండి, ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి. మట్టి పైపొర ఆరాక నీళ్లు పోయాలి, అడుగు పళ్లెంలో నీళ్లు నిలవకూడదు. పది పన్నెండు రోజులకి మించి లోపల ఉంచకుండా బయటికి చేర్చాలి. అది కూడా ముందు వరండా నీడలో కొన్నాళ్లు, తర్వాత పొద్దుటి ఎండలోకి. కొమ్మ చివర్లు మెత్తగా ఉంటాయి కాబట్టి అలంకరణ తేలికగా ఉండాలి. పండగ అయిన వెంటనే ప్రతి దారం, ప్రతి తీగ విప్పేయాలి. వదిలేసిన సన్న తీగ మొక్క లావెక్కేకొద్దీ కొమ్మలోకి కోసుకుపోతుంది.

ఇక అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలలు. ఈ మొక్క ఉప్పుగాలికి తట్టుకుంటుంది గనక విశాఖలోనో కాకినాడలోనో బాగానే నెగ్గుకొస్తుంది. రామగుండం, కొత్తగూడెం, కర్నూలు వడగాలుల్లో మాత్రం డాబా మీద చిన్న కుండీలో వదిలేస్తే బతకడం కష్టం. మధ్యాహ్నం నీడ, రెండు పూటలా నీళ్లు, వేసవి సెలవులకి ఊరెళ్తే చూసే మనిషి, ఈ మూడూ ఉంటేనే తీసుకోండి. అవి ఉన్న ఇంటికి దీనికి మించిన చెట్టు లేదని నా నమ్మకం. పిల్లలతో పాటే పెరుగుతుంది, ఏటేటా ఒక అంతస్తు ఎక్కువ అలంకరించాల్సి వస్తుంది. అవి లేని ఇంట్లో ప్రతి డిసెంబరుకీ ఒక మొక్క కొనడం, ప్రతి జూన్‌కీ ఎండిన మోడు పారేయడం జరుగుతుంది. దానికన్నా ప్లాస్టిక్ చెట్టే నయం.

సొంత ఇల్లుండి నేలలో నాటాలనుకునేవాళ్లకే ఆ 150 అడుగుల సంగతి. మన దగ్గర అంత పెరగకపోయినా రెండంతస్తుల మేడని సులువుగా దాటుతుంది. ప్రహరీ గోడ పక్కన, కరెంటు తీగల కింద నాటకండి. ఇంటికి కనీసం 15, 20 అడుగుల ఎడం ఉండాలి. చర్చి ఆవరణకి ఇది చాలా మంచిది. ఒకసారి నాటితే తరాలపాటు ఆరుబయటే క్రిస్మస్ చెట్టు ఉన్నట్టు.

ప్లాస్టిక్ చెట్టు

కృత్రిమ చెట్టంటే ఏదో ఈమధ్య వచ్చిన వ్యాపారం అనుకుంటాం. క్రిస్మస్ చెట్టు ఆచారం పుట్టిన జర్మనీలోనే 19వ శతాబ్దంలో బాతు ఈకలకి ఆకుపచ్చ రంగు వేసి, తీగకి చుట్టి చెట్లు చేసేవారు. అడవుల్లో లేత ఫర్ చెట్ల తలలు నరికేస్తున్నారన్న దిగులు దానికి ఒక కారణం. కాబట్టి ప్లాస్టిక్ చెట్టు పెట్టుకున్నంత మాత్రాన భక్తి తగ్గిపోయినట్టు ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. చూడాల్సింది దాని తయారీ, మన్నిక, ఆఖరికి అది ఏమవుతుందన్నది.

బేగం బజారులో, సికింద్రాబాద్ జనరల్ బజారులో, విజయవాడ బీసెంట్ రోడ్డులో దొరికేవాటిలో ఎక్కువ భాగం పీవీసీ. పల్చటి పీవీసీ రేకుని సన్నగా చీల్చి రెండు ఇనుప తీగల మధ్య మెలితిప్పుతారు. ఖరీదైన రకంలో కొమ్మ చివర్లు పీఈ అనే ప్లాస్టిక్‌తో అచ్చుపోసి ఉంటాయి, దగ్గరకెళ్లి చూసినా నిజం ఆకులా ఉంటాయి. ఇంటికి పీవీసీ చాలు, దాన్ని సరిగా ఎంచుకుంటే.

దుకాణంలో నిలబెట్టిన చెట్టు దగ్గర రెండు నిమిషాలు పని ఉంది. ఒక కొమ్మని మొదలు దగ్గర గుప్పిట్లో పట్టుకుని చివరిదాకా లాగండి. చేతిలో ఆకుపచ్చ ముక్కలు నాలుగైదుకి మించి మిగిలితే ఆ చెట్టు మూడో క్రిస్మస్‌కి బోడిదైపోతుంది. తర్వాత కొమ్మని పైకి వంచి వదలండి. పెట్టిన చోట నిలబడాలి, వేలాడిపోకూడదు. వేలాడితే లోపలి తీగ సన్నది. మూడోది, అడుగు స్టాండు. ప్లాస్టిక్ స్టాండు ఆరడుగుల చెట్టుకి చాలదు, నాలుగు కాళ్ల ఇనుప స్టాండు అడగండి. ఆరడుగుల చెట్టుకి కొమ్మ చివర్లు 800 పైన ఉంటే నిండుగా కనిపిస్తుంది. ఆ సంఖ్య తరచుగా పెట్టె మీదే ఉంటుంది. ముక్కుకి ఘాటుగా కొట్టేదాన్నీ, చేతికి పొడి అంటేదాన్నీ పక్కన పెట్టేయండి. పాతకాలపు పీవీసీలో సీసం కలిపేవారు, ఏళ్లు గడిచేకొద్దీ అది దుమ్ముగా బయటికొస్తుంది. పాకే పిల్లలున్న ఇంట్లో ముప్పై ఏళ్ల నాటి చెట్టు వాడకపోవడం మంచిది. తెల్ల మంచు చల్లిన రకం ఫొటోల్లో బాగుంటుంది, ఇంట్లో మాత్రం నెలంతా ఆ పొడి ఊడుస్తూనే ఉండాలి.

ఎత్తు గురించి ఎవరూ చెప్పని సంగతొకటి, సీలింగ్ ఫ్యాన్. మన ఫ్లాట్లలో ఫ్యాన్ రెక్కలు నేల నుంచి ఎనిమిది, ఎనిమిదిన్నర అడుగుల్లో తిరుగుతుంటాయి. ఏడడుగుల చెట్టు కొని, పైన స్టార్ పెట్టి హాలు మధ్యలో నిలబెడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. మామూలు ఫ్లాటుకి ఐదడుగులు సరిపోతుంది, మూలకి పెడితే ఆరు.

అమెరికా నుంచి పెట్టెలో వేసుకుని లైట్లతో సహా వచ్చే చెట్ల విషయంలో చాలా జాగ్రత్త. అవి 120 వోల్టుల కోసం చేసినవి. పిన్ను మార్చి మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతాయి, మంట కూడా లేవొచ్చు. ఆ లైట్లు విప్పేసి ఇక్కడి ఎల్‌ఈడీ సీరియల్ సెట్టు చుట్టుకోండి. లోపలంతా ఇనుప తీగ కాబట్టి, తొడుగు ఊడిన చౌక వైరు తగిలితే చెట్టు మొత్తానికి కరెంటు వస్తుంది. పాత సీరియల్ సెట్టుని ప్రతి ఏడాదీ పెట్టేముందు వెలుతురులో మూర మూర చొప్పున చూసుకోవాలి. అతుకు టేపు వేసి నెట్టుకురాకండి. పడుకునే ముందు స్విచ్ తీసేయండి. పీవీసీ వెంటనే అంటుకోదు గానీ, అంటుకుంటే వచ్చే పొగ విషం.

మన్నిక మీ అటక మీద ఆధారపడుతుంది. డాబా మీది రేకుల గదిలో పెడితే వేసవి వేడికి పీవీసీ పెళుసుబారి, వచ్చే ఏడు తాకగానే రాలుతుంది. తీరం ఊళ్లలో ఇంకో శత్రువు తుప్పు. మచిలీపట్నం గాలికి కొమ్మల కీళ్లు, స్టాండు మరలు రెండేళ్లలో గోధుమ రంగుకి తిరుగుతాయి. విప్పి, పొడి గుడ్డతో తుడిచి, కీళ్లకి ఒక చుక్క కుట్టుమిషను నూనె వేసి, పాత చీరలో చుట్టి, సంచిలో కలరా ఉండలు వేసి కట్టండి. అట్టపెట్టెలో వద్దు, ఎలుకలు చేరతాయి. మళ్లీ తీసినప్పుడు బాల్కనీలో దులిపి, తడిగుడ్డతో తుడిచాకే హాల్లోకి తేవాలి. ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లుంటే ఈ దుమ్మే వాళ్ల పండగని పాడుచేస్తుంది.

ఇన్ని ఏళ్లు ఎందుకు కాపాడాలంటే లెక్క అలా ఉంది కాబట్టి. బ్రిటన్‌లోని కార్బన్ ట్రస్ట్ అనే సంస్థ అంచనా ప్రకారం రెండు మీటర్ల ప్లాస్టిక్ చెట్టు తాలూకు కర్బన ఉద్గారాలు సుమారు 40 కిలోలు. అదే ఎత్తు నిజం ఫర్ చెట్టు చెత్తకుప్పలో కుళ్లితే 16 కిలోలు, కాల్చేస్తేనో ముక్కలు చేసి మట్టిలో కలిపితేనో మూడున్నర కిలోలు. అంటే ప్లాస్టిక్ చెట్టు కనీసం పది పన్నెండు క్రిస్మస్‌లు చూస్తే తప్ప దాని భారం తీరదు. డబ్బు లెక్కా అదే దారి. 4,000 రూపాయల చెట్టు పదేళ్లు వస్తే ఏడాదికి 400. 900 రూపాయలది రెండేళ్లకి పోతే 450, పైగా చెత్త.

ఆ చెత్తకి దారి లేదన్నదే నన్ను ఎక్కువ బాధపెట్టేది. ప్లాస్టిక్కూ తీగా మెలిపడి ఉంటాయి, విడదీయడం ఎవరివల్లా కాదు. పాతసామాన్ల వాళ్లకి కావాల్సింది ఇనుము, దాని కోసం ఊరి చివర ప్లాస్టిక్‌ని కాల్చేస్తారు. పీవీసీ కాల్చిన ఆ పొగ పీల్చేది అక్కడ బతికే పిల్లలే. వద్దనుకున్న చెట్టు ఇంకా నిలబడుతుంటే అంగన్‌వాడీకో, కొత్తగా మొదలైన చిన్న చర్చి సంఘానికో ఇచ్చేయండి.

ఎవరికి ఏది

ఇంట్లో ఇప్పటికే ప్లాస్టిక్ చెట్టుంటే ఈ చర్చే అక్కర్లేదు. అటక మీద ఉన్నదే అన్నింటికన్నా మంచి చెట్టు. ప్రకృతి మీద ప్రేమతో దాన్ని పారేసి మొక్క కొనడం తిరగబడ్డ లెక్క. పలచబడితే మధ్యలో ఆకుపచ్చ మెరుపు తోరణం చుట్టి ఇంకో ఐదేళ్లు లాగండి.

కోస్తా పల్లెల్లో, తోటలకి దగ్గరున్న ఊళ్లలో సరుగుడే. రెండో ఆలోచన వద్దు. రెండు మూడేళ్లకోసారి ఇల్లు మారే అద్దెవాళ్లకి, నడక నేర్చుకుంటున్న పిల్లలున్నవాళ్లకి మూడడుగుల ప్లాస్టిక్ చెట్టుని బల్ల మీద పెట్టుకోవడం సుఖం. లేదా పెద్దదాన్ని పురికొసతో కిటికీ ఊచకి కట్టేయండి. బాల్కనీలో పొద్దుటి ఎండ, మొక్కల పిచ్చి ఉన్నవాళ్లకి అరొకేరియా. హాలు చిన్నదైతే చెట్టుకన్నా ముందు యేసు పుట్టిన పశువుల పాక బొమ్మకి చోటు చూడండి. పండగ ఎవరిదో చెప్పేది అదే, చెట్టు దాని పక్కన నిలబడేది మాత్రమే.

చర్చికి నా ఓటు ఆవరణలో నాటిన అరొకేరియాకి, లోపల వేదిక పక్కన 23న తెచ్చిన సరుగుడుకి. పది పదిహేను అడుగుల ప్లాస్టిక్ చెట్టు కొనాలని యూత్ వాళ్లు ముచ్చటపడతారు. దాన్ని విప్పి దాచే గది చర్చికి ఉందా, ఆ పని ప్రతి జనవరీ ఎవరు చేస్తారు అన్నది పాస్టరుగారు ముందే తేల్చాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి

అక్కడ లెక్క మారుతుంది, ఎందుకంటే అక్కడ ఫర్ పంటే. ఆరెగన్, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో క్రిస్మస్ చెట్ల తోటలు విస్తారంగా ఉన్నాయి. ఒక్కో చెట్టు ఏడు నుంచి పదేళ్లు పెరిగాక కోతకొస్తుంది, కోసినచోట మళ్లీ నాటుతారు. ఫ్రేజర్ ఫర్ ఆకు తొందరగా రాల్చదు, కొమ్మ గట్టిది, మొదటిసారి కొనేవాళ్లు దాన్నే తీసుకోండి. పిల్లల కోసం చెట్టు పెట్టే హిందూ కుటుంబాలకీ తోటకెళ్లి కోసుకు రావడం మంచి సరదా. థాంక్స్‌గివింగ్ తర్వాత తెచ్చినా నీళ్లు సరిగా పోస్తే క్రిస్మస్ దాకా నిలుస్తుంది. మొదటి రోజే నాలుగు లీటర్ల దాకా తాగేస్తుంది. స్టాండులో నీళ్లు ఒక్కసారి అడుగంటితే కోసిన చోట జిగురు గట్టిపడి, తర్వాత ఎంత పోసినా పీల్చదు.

కొనేముందు అపార్ట్‌మెంటు లీజు చదవండి. చాలా సముదాయాల్లో కోసిన చెట్టుని అగ్నిప్రమాదం భయంతో ఒప్పుకోరు. అలాంటి చోట, ఏటా సెలవులకి ఇండియా వెళ్లిపోయేవాళ్ల ఇంట్లోనూ ప్లాస్టిక్‌దే సరైనది. నీళ్లు పోసేవాళ్లు లేని చెట్టు రెండు వారాల్లో ఎండుకట్టె అవుతుంది. ఇంట్లో ఉండేవాళ్లు జనవరి మొదట్లో మీ ఊరి పురపాలక వాళ్లు చెట్లు ఎప్పుడు తీసుకెళ్తారో చూసుకోండి. లైట్లు, మెరుపు తోరణాలు, స్టాండు అన్నీ తీసి, సంచిలో చుట్టకుండా ఇంటి ముందు పెడితే చాలా ఊళ్లలో ముక్కలు చేసి పార్కుల్లో మొక్కల మొదళ్లకి పరుస్తారు. సంక్రాంతి బొమ్మల కొలువుకి హాల్లో అదే మూల కావాల్సిన ఇళ్లకి ఆ తేదీ దాటిపోకుండా చూసుకోవడం మరీ ముఖ్యం.